జీతం అచ్చయిన ఏడు

లోవమ్మ త్యాగమూర్తి కాదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. రామచంద్రపురంలో పంతొమ్మిదేళ్లపాటు ఆమెను త్యాగమూర్తి అన్నారు; ఆ తర్వాత ఒక్క వేసవిలో ఆ మాట వెనక్కి తీసేసుకుని ఇంకో మాట అంటగట్టారు. రెండూ ఆమె ఒంటికి పట్టే చొక్కాలు కావు. ఆమె చేసింది పని. నూట ముప్పై ఇళ్ల గుమ్మాలెక్కి, పోలియో పిల్లల హోముకి పిడికిలి బియ్యం నెత్తిన పెట్టుకు మోసుకొచ్చే పని. రోజుకో వీధి, ఆదివారం సెలవు.

పిడికిలి బియ్యం సంగతి తెలియనివాళ్లు ఇప్పుడు ఎక్కువే. ఎసట్లో పోయడానికి ఇల్లాలు బియ్యం కొలిచినప్పుడల్లా ఆ కొలతలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పూటకో పిడికెడు. ఇంట్లో ఎవరి కంచంలోనూ అన్నం తగ్గినట్టు కనిపించదు, వారం తిరిగేసరికి మాత్రం డబ్బాలో తవ్వెడు బియ్యం చేరతాయి. అవి ఇక ఇంటివి కావు. చుట్టాలు ఊడిపడి గింజ లేకపోయినా ఆ డబ్బాలో చెయ్యి పెట్టరు, పక్కింట్లో అప్పు అడుగుతారు. అరవైమంది పిల్లలు తినే అన్నంలో సగం ఆ డబ్బాల్లోంచి వచ్చేది.

హోముకి బోర్డు మీద ఏ పేరున్నా ఊళ్లో అందరికీ అది దక్షిణామూర్తి గారి హోము. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. 1981లో లోవమ్మ ఆ మెట్లెక్కేనాటికి ఆమె వయసు ఇరవై ఎనిమిది. కాలవ అవతల రెండెకరాలు కౌలుకి చేసుకునే మొగుడు పచ్చకామెర్లతో పోయాడు, చంకలో ఎడమకాలు చచ్చుబడ్డ కూతురు వెంకటదుర్గ. దక్షిణామూర్తి గారు పిల్లను చూసి, తల్లిని చూసి, "దీన్ని చేర్చుకుంటాం. నువ్వూ ఇక్కడే ఉండు. బరువు మొయ్యగలవా?" అని అడిగారు. మొయ్యగలనంది. నెల తిరిగాక ఒక న్యూస్‌పేపరు ముక్కలో నూట యాభై రూపాయలు మడిచి చేతిలో పెట్టారు.

"దీన్ని జీతం అనుకోకమ్మా, ప్రసాదం అనుకో. బయటెవరైనా అడిగితే సేవ చేస్తున్నానని చెప్పు. మనది సేవాసంస్థ. ఇక్కడ జీతాలున్నాయని తెలిస్తే పోసే పిడికిలి బిగుసుకుపోతుంది."

ఎవరో ఒకావిడ అడగనే అడిగింది. "ఎండనపడి తిరుగుతావు, నీకేమన్నా ఇస్తారా అమ్మా?" లోవమ్మ మూట సర్దుకుంటూ, "ఏదో, సేవండి," అంది. అంతే. ఆ ఒక్క ముక్క ఆరు వీధులూ పాకడానికి నెల పట్టలేదు. మొగుడు పోయిన ఆడది, అవిటి పిల్లతల్లి, పైసా పుచ్చుకోకుండా పరాయి పిల్లల కోసం బియ్యం మోస్తోంది! ఇంతకంటే రుచికరమైన కథ ఆ వీధులకి అప్పటిదాకా దొరకలేదు. దొరికాక వదల్లేదు.

ఆ కథ ఆమెకు ఇచ్చింది కూడా తక్కువేం కాదు. మొదట గేటు దగ్గర నిలబడేది. ఆర్నెల్లకి అరుగు మీద కూర్చోమన్నారు. రెండేళ్లకి, "లోవమ్మగారూ, నా చేతులు ఖాళీ లేవు, వంటింట్లోకెళ్లి మీరే తీసుకోండి," అనే దాకా వచ్చారు. ఊరెళ్తే తాళాలు ఆమె చేతికిచ్చేవాళ్లు. పురిటికి పుట్టింటికొచ్చిన పిల్లను ముందు ఆమె చూసేది, తర్వాత చుట్టాలు చూసేవాళ్లు. కౌలు రైతు పెళ్లాన్ని ఏ ఊళ్లోనూ ఎవరూ 'గారు' అనరు. ఇక్కడ అన్నారు. తొంభై ఆరు తుపానుకి కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడిపోయి, పెంకులు లేచిపోయిన ఇళ్లలోంచి కూడా తడిసిన బియ్యం పొయ్యి మీద ఆరబెట్టి మరీ పోశారు. "పిల్లలు పస్తుంటారు గదండి," అన్నారు. లోవమ్మకు అది గుర్తున్నంతకాలం మనుషుల మీద కోపం రాలేదు. కోపం రాకపోవడమే ఆమెను తర్వాత ఎక్కువ బాధ పెట్టింది.

ఇక దక్షిణామూర్తి గారు. ప్రతి వార్షికోత్సవంలోనూ మైకు ముందు నిలబడి "నేను ఈ సంస్థ నుంచి ఒక్క పైసా ముట్టను" అనేవారు. ముట్టలేదు కూడా. హోము వంటింట్లోంచి రెండు పూటలా ఆయనింటికి ఆరుగురికి సరిపడా క్యారేజీ మాత్రం వెళ్లేది. హోము ఉన్న మేడ ఆయన బావమరిదిది. అద్దె నెలనెలా తప్పేది కాదు. మేనల్లుడు స్టోరు చూసేవాడు, స్టోరు కూడా అతన్ని బాగానే చూసింది. వీటికెక్కడా జీతం అని పేరు లేదు. పేరు లేనిదాన్ని మన ఊళ్లలో త్యాగం అంటారు. చెప్పొద్దూ, పిల్లలకి కూడా రెండుపూటలా అన్నం పడింది, పలకలొచ్చాయి, వెంకటదుర్గ పదో తరగతి పాసై మండపేటలో వికలాంగుల కోటాలో ఎస్టీడీ బూత్ పెట్టుకుంది. ఆయన పోయినప్పుడు షాపులు మూశారు.

అది తొంభై ఎనిమిదిలో. మరుసటేడు కమిటీవాళ్లు విశాఖపట్నం నుంచి శశిభూషణ్‌ని డైరెక్టరుగా తీసుకొచ్చారు. సోషల్ వర్కులో పెద్ద చదువు, ముప్పై నాలుగేళ్లు, ఇస్త్రీ చొక్కా, ఎవరినైనా 'మీరు' అనే అలవాటు. వచ్చిన నెలలోనే క్యారేజీ ఆపించాడు. రెండో నెలలో మేనల్లుణ్ని పంపించేశాడు. ఏడాదిలో పదకొండుమంది పిల్లలకు ఆపరేషన్లు చేయించి, కాళ్లకి కాలిపర్ల ఇనుప పట్టీలు తొడిగించి, పాక్కుంటూ తిరిగేవాళ్లను నిలబెట్టాడు. దక్షిణామూర్తి గారి కాలంలో ఇలాంటివి జరగొచ్చని ఎవరికీ తోచలేదు. పిల్లలకు అన్నం పెట్టి దణ్ణం పెట్టించుకోవడంతో సరిపోయేది. అతను లోవమ్మను పిలిచి బ్యాంకు ఖాతా తెరిపించాడు, నాలుగొందలున్నదాన్ని ఎనిమిది వందల యాభై చేశాడు, రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. ఆమె కూడబలుక్కుంటూ మూడక్షరాలూ రాసింది. న్యూస్‌పేపరు ముక్కలో ప్రసాదం పోయి, బ్యాంకులో జీతమొచ్చింది. ఆమె ఆ సంగతి వీధుల్లో చెప్పలేదు. ఎవరూ అడగలేదు గనక.

రెండువేల సంవత్సరం మే నెలలో శశిభూషణ్ పన్నెండు పేజీల పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. కట్ట విప్పి ఆమె చేతికి ఒకటిచ్చాడు.

"లోవమ్మగారూ, బియ్యం పోసే ప్రతి ఇంటికీ ఇది ఒకటి ఇవ్వండి. వాళ్లు పెట్టింది ఏమవుతోందో వాళ్లకి తెలియాలి కదండీ."

మూడో పేజీలో ఆమె ఫోటో ఉంది. నెత్తిన మూట, మొహంలో సగం నీడ. కింద 'అలుపెరగని సేవ' అని ఉంది. దాన్ని చదువుకోవడానికి ఆమెకు ఒక నిమిషం పట్టింది. మిగతా పేజీల జోలికి పోలేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు వీధుల్లో, నూట ముప్పై ఇళ్లలో, తన చేత్తో, మూడో పేజీ తెరిచి మరీ ఇచ్చింది. "ఫోటో బా వచ్చిందండీ లోవమ్మగారూ," అని అందరూ అన్నారు. అంత సంతోషంగా ఆమె ఏ వారమూ తిరగలేదు.

ఆదివారం బస్సెక్కి మండపేట వెళ్లి కూతురికి చూపించింది. బూత్‌లో ఫోన్ల మధ్య కూర్చుని వెంకటదుర్గ ఫోటో చూసి నవ్వి, చదువుకున్న పిల్ల గనక మొత్తం తిరగేసింది.

"అమ్మా, నీ జీతం కూడా వేశారే ఇందులో."

"ఎక్కడ?"

"పదకొండో పేజీలో. అందరివీ వేశారు. డైరెక్టరు శశిభూషణ్, ఇరవై రెండు వేలు. వంట అచ్చాయమ్మ, పదిహేను వందలు. లోవమ్మ, బియ్యం సేకరణ, ఎనిమిది వందల యాభై."

లోవమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఫోను మాట్లాడుకోవడానికొచ్చినతను పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఏమైందమ్మా? వేస్తే ఏంటి? దొంగతనం చేశావా?"

"దొంగతనం చేసుంటే ఇంత సిగ్గుండేది కాదే," అంది లోవమ్మ. "నేనే పంచానే. ఇంటింటికీ."

మర్నాడు సోమవారం కాలవగట్టు వీధి. మొదటిల్లు నాగదుర్గది. భర్త సహకార సొసైటీలో గుమాస్తా; నాగదుర్గ ఆ వీధికి న్యాయాధికారి. లోవమ్మ మామూలుగా వంటింటి వైపు నడవబోతే, "అక్కడే కూర్చో లోవమ్మా, నేను తెస్తాను," అని లోపల్నుంచి వినిపించింది. 'గారు' లేదు. లోవమ్మకు ముందు ఆ లోటే వినబడింది, మాట తర్వాత వినబడింది.

నాగదుర్గ డబ్బాతో పాటు పుస్తకం కూడా తెచ్చింది.

"ఏంటమ్మా ఇది, ఇరవై రెండు వేలేంటి? మా ఆయన ఇరవై రెండేళ్లు చేశారు సొసైటీలో, ఇప్పటికీ ఏడు వేలు దాటలేదు. కుంటిపిల్లల పేరు చెప్పుకుని అంత ఎలా మింగుడుపడుతుందమ్మా మీ డైరెక్టరుకి?"

"పిల్లల్ని బాగా చూస్తారండి. ఆపరేషన్లూ అవీ…"

"చూడ్డానికే గదా జీతం, ఊరికే ఏం చూడ్డంలేదు. అవునూ, నువ్వు కూడా ఉన్నావే ఇందులో! మా అత్తగారు బతికుండగా సేవ అన్నావు. పండక్కి నీకు చీర పెట్టేవారావిడ, పాపం, ఊరికే తిరుగుతోందని." పక్కింటావిడ గోడమీంచి తొంగి చూస్తోంది. నాగదుర్గ గొంతు ఆవిడకి కూడా అందేలా లేచింది. "ఎనిమిది వందల యాభైకి మూట మొయ్యమంటే మా పనిమనిషి అప్పలకొండ కూడా మోస్తుందమ్మా. దానికి మాత్రం ఎవరూ ఫోటో వెయ్యరు!"

పక్కింటావిడ కిసుక్కున నవ్వింది. లోవమ్మ డబ్బా వొంచుకుని, ఖాళీ డబ్బా తిరిగిచ్చి, "వస్తానండి," అంది.

బియ్యం మానలేదు ఎవరూ. గోదావరి జిల్లాల్లో గుమ్మంలోకొచ్చినవాళ్లను మొహమ్మీద లేదనరు. దానికంటే చావు నయం అనుకుంటారు. కాబట్టి పోశారు. అంతవరకూ స్వర్ణ, సాంబమసూరి తాము తినేదే తీసి వేసిన ఇళ్లలోంచి మొదటి వారం నూకలొచ్చాయి. రెండో వారం కోటా బియ్యం. మూడోవారం, కేరళవాళ్ల కోసం పండించి లారీలకెత్తించే బొండాలనే లావు బియ్యం. ఇక్కడ రైతులే నోట పెట్టరు వాటిని. నాలుగోవారం ఒక డబ్బాలో పురుగులు బియ్యం కంటే హుషారుగా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ అదే నవ్వు, "అయ్యో, ఎండలో వచ్చారు, మంచినీళ్లు తాగుతారా?" అనే మాట కూడా పోలేదు. డబ్బా ఒక్కటే వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి అరుగు మీదికి, అరుగు మీంచి గేటు దగ్గరికి జరిగింది. మనుషులు నమ్మకం ఎంత తగ్గించుకున్నారో తెలుసుకోవడానికి లోవమ్మకు ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేకపోయింది. నడక తగ్గింది.

హోము వంటింట్లో అచ్చాయమ్మ జల్లెడ నేలకేసి కొట్టింది.

"ఇవి బియ్యమా, కోళ్లకి చల్లేవా? కొత్తవీ పాతవీ, లావువీ సన్నవీ కలిపేస్తే ఎలా ఉడుకుతాయే? సగం జావ, సగం పలుకు! పిల్లలు కంచాలు నెట్టేస్తున్నారు. నువ్వెక్కడ తెస్తున్నావు లోవమ్మా ఇవి?"

"ఎప్పుడూ తెచ్చే ఇళ్ల నుంచే."

"అయితే ఆ ఇళ్లవాళ్లకేదో రోగం వచ్చింది."

లోవమ్మ గుప్పెడు బియ్యం తీసుకెళ్లి శశిభూషణ్ బల్ల మీద పోసింది. అతను వేలితో కదిపి చూశాడు. అర్థమైంది. తెలివైనవాడే.

"ఇంటింటికీ పంచేముందు నాకొక్క మాట చెప్పాల్సిందండి," అంది ఆమె.

"ఏమని చెప్పాలి? మీ కష్టానికి మీకు జీతమొస్తోంది. అందులో దాచేదేముంది? నాదీ వేశాను కదా. వేయకుండా క్యారేజీలు మోయించుకుంటే నన్నూ పూజించేవాళ్లేమో." అతను పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాడు. "పదకొండుమంది పిల్లలు లేచి నడుస్తున్నారండీ. పన్నెండో పేజీలో ఫోటోలతో సహా ఉంది. ఒక్కరైనా చూశారా?"

"పదకొండో పేజీ దగ్గరే ఆగిపోయారండి అందరూ."

అతని లెక్క తప్పు కాదు. విశాఖలో ఏ కంపెనీలో కూర్చున్నా అంతకంటే ఎక్కువ వచ్చేది. ఆ ఇరవై రెండు వేలకు రెట్టింపు పని ఆ ఏడాది కనిపించింది. తప్పల్లా, నిజం చెబితే నమ్మకం పెరుగుతుందని పుస్తకంలో చదివి, ఆ పుస్తకం ఈ వీధుల్లో రాసింది కాదని మరచిపోవడం.

"నా జీతం తీసెయ్యండి బాబూ," అంది లోవమ్మ. "ఇక్కడే తింటున్నాను, ఇక్కడే పడుకుంటున్నాను. నాకేం అక్కర్లేదు. జీతం లేదని చెప్పుకుంటాను, మళ్లీ పోస్తారు."

"కుదరదండీ. పని చేయించుకుని జీతం ఇవ్వకపోతే అది నేరం."

"నేను పుచ్చుకోకపోతే?"

"మీ ఇష్టం. మీ పేరు మీద అలాగే ఉంటుంది."

జూన్ నుంచి ఆమె రిజిస్టరులో సంతకం పెట్టడం మానేసింది. ఈసారి నోరు విప్పింది కూడా. నూట ముప్పై ఇళ్లలోనూ గేటు దగ్గర నిలబడి, "ఈ నెల నుంచి నేను పైసా తీసుకోవట్లేదండి," అని చెప్పింది. జీవితంలో మొదటిసారి ఆమె చెప్పుకున్న మాట అక్షరాలా నిజం. అందుకేనేమో ఒక్కరికీ నమ్మబుద్ధి కాలేదు.

నాగదుర్గ పక్కింటావిడతో అంది, లోవమ్మ ఇంకా వీధి మలుపు తిరక్కుండానే: "జీతం వదులుకుని తిరిగే వెర్రిదెవతుందండీ? జీతం కంటే ఎక్కువేదో దొరుకుతూండాలి. దారిలో మూట తేలికవుతుందేమో!"

ఆ ఊహ పుట్టాక దానికి కాళ్లొచ్చాయి. జులైలో ఇద్దరు ముగ్గురు డబ్బాలో బియ్యం కొలిచి పోయడం మొదలుపెట్టారు, ఆమె ముందే. ఆగస్టులో ఒక రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి హోముకి ఫోన్ చేసి, "మా ఇంటి నుంచి ఇవాళ రెండు తవ్వలు పంపించాం, చేరిందాండీ?" అని వాకబు చేశాడు. ఫోనెత్తింది లోవమ్మే. "చేరిందండి," అంది. "మీరెవరండీ?" అన్నాడాయన. ఆమె ఫోన్ పెట్టేసింది.

అయినా తిరిగింది. వానల్లో, కాలవలు నిండి వీధుల్లోకొచ్చినప్పుడు చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని తిరిగింది. ఒక ఏడాది తిరిగితే తగ్గుతుందనుకుంది. మనుషులు చూస్తారు, జీతం లేకుండా తిరుగుతోందని కళ్లతో చూస్తే నమ్ముతారు, అనుకుంది. ఆమెకు బియ్యం కంటే అది ముఖ్యమైపోయింది. నూట ముప్పైలో ఒక్క వంటింట్లోకి మళ్లీ పిలిస్తే చాలనుకుంది.

డిసెంబరు చివర్లో ఒక శనివారం సీతారామలక్ష్మి గారింటికి వెళ్లింది. ఆవిడ డెబ్భై ఆరేళ్ల మనిషి, ప్లీడరు గారి భార్య, దక్షిణామూర్తి గారికి వేలువిడిచిన చెల్లెలు. ఆ ఇంట్లో వంటింటి గడప లోవమ్మ ఏనాడూ దాటలేదు, ఆ మడి వేరు. అందుకని ఆ ఇంట్లో ఇప్పుడు తగ్గిందేమీ లేదు. పెరటి వసారాలోనే ఎప్పట్లాగే కూర్చోబెట్టి, ఆవిడ బియ్యం తెచ్చి పోసింది. మంచి బియ్యమే.

"ఏమే, అలా చిక్కిపోయావు? జీతం మానేశావుట గదా. ఎందుకే?"

లోవమ్మ మూట దగ్గరికి లాక్కుంది. "జీతం లేకపోతే నమ్ముతారనండి. ఇదివరకట్లా."

సీతారామలక్ష్మి గారు పీట లాక్కుని కూర్చుంది. కాసేపు మోకాలు రాసుకుంది.

"ఇదివరకు నమ్మారని ఎవరు చెప్పారే నీకు?"

లోవమ్మ తలెత్తింది.

"మా అన్నయ్యగారింటికి క్యారేజీ వెళ్లేదని ఊళ్లో ఎవరికి తెలీదూ? ఈ ఇంటి ముందునుంచే వెళ్లేది. ఇవాళ వంకాయో బెండకాయో వాసన్ని బట్టి చెప్పేదాన్ని. ఆ మేడ అద్దె సంగతి మా ఆయనకి తెలుసు, కాగితాలు రాసిందే ఆయన. తెలిసీ పోశాం. అన్నయ్య త్యాగం చేస్తున్నానన్నాడు, మేం నమ్మినట్టే ఊరుకున్నాం. ఆయనకీ బాగుండేది, మాకూ బాగుండేది. ఈ కుర్రాడొచ్చి కాగితమ్మీద అచ్చు గుద్ది చేతిలో పెట్టాడు. తెలిసినా తెలియనట్టుండొచ్చు గానీ, చదివి చదవనట్టు ఎలా ఉంటారే జనం?"

"మరి నేనండి?" అంది లోవమ్మ. "నన్ను నమ్మారు గదండి. నన్ను వంటింట్లోకి రమ్మన్నారు."

"నువ్వు మంచిదానివని రమ్మన్నారే. ఊరికే తిరుగుతున్నావని కాదు. వారం వారం గుమ్మం ముందు కనబడే మనిషి ఏం తిని బతుకుతోందో ఆలోచించలేనంత వెర్రివాళ్లా ఇక్కడి ఆడవాళ్లు? ఏదో ఇస్తున్నారనే అనుకున్నారు అందరూ. అనుకుని, నోటితో మాత్రం 'ఊరికే చేస్తోంది' అనుకునేవారు. అలా అనుకుంటుంటే ఆ పిడికెడు బియ్యానికి పుణ్యం ఎక్కువొస్తున్నట్టుండేది." ఆవిడ లేచింది. "ఇప్పుడు నీకు కోపమొచ్చి ప్రయోజనం లేదు. వెళ్లి నీ జీతం నువ్వు పుచ్చుకో. నువ్వది వదులుకుంటే ఎవరికి లాభం? ఎవరికీ లేదు."

లోవమ్మ ఆరోజు మిగతా ఇళ్లకు వెళ్లలేదు. సగం మూటతో హోముకొచ్చి, శశిభూషణ్ గదిలో నిలబడి, "సోమవారం నుంచి తిరగనండి," అంది. అతను కారణం అడగలేదు. ఆ బియ్యం ఏరి, జల్లించి, వండి, పారబోసేదానికంటే మిల్లు నుంచి బస్తాలు కొనడం చౌకని అతనికి అక్టోబరులోనే తేలింది. ఇన్నాళ్లూ ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ ఏడుసార్లు తన పేరు రాసింది. ఐదోసారికి అక్షరాలు కూడబలుక్కోవడం మానింది.

ఆ తర్వాత హోముకి మంచి రోజులే వచ్చాయి. ఏవో విదేశీ నిధులొచ్చాయి, కొత్త మేడ కట్టారు, సన్నబియ్యం వండారు. లోవమ్మ స్టోరు చూసుకుంది, జీతం పదమూడు వందలైంది. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ గేటులోకి రావడం తగ్గించారు. పిల్లల పుట్టినరోజులకి స్వీట్లు తెచ్చేవాళ్లు, పాత బట్టలు తెచ్చేవాళ్లు, ఊరికే వచ్చి కూర్చుని పిల్లలతో కబుర్లు చెప్పేవాళ్లు, అంతా ఒక్కొక్కరే తప్పుకున్నారు. "వాళ్లకేం, డాలర్లొస్తాయి," అన్నారు. వంటిళ్లలో బియ్యం డబ్బాలు ఆవాలకీ చింతపండుకీ మారాయి. హోము ఊళ్లోనే ఉంది, ఊరిది కాకుండా పోయింది.

రెండువేల రెండు మే నెలలో బజార్లో నాగదుర్గ ఎదురుపడింది.

"లోవమ్మగారూ! బావున్నారాండీ? ఎన్నాళ్లయిందండీ చూసి!" చెయ్యి పట్టుకుని కొట్టు నీడలోకి లాగింది. "మా కోడలు ఉమాశ్రీ డిగ్రీ చదివిందండి. ఖాళీగా ఉంటోంది. మీ హోములో పిల్లలకి చదువు చెప్పడానికి ఎవరో కావాలంటున్నారట. మీ సారుతో ఒక్క మాట చెప్పకూడదూ? ఎంతిస్తారేంటి?"

"పద్దెనిమిది వందలు అనుకుంటానండి."

"అంతేనా!" అంది నాగదుర్గ. "అంత పెద్ద సంస్థ! డిగ్రీ చదివినపిల్లకి రెండు వేలన్నా ఇవ్వకపోతే ఎలాగండీ? చదువుకి విలువ ఉండాలి గదా."

లోవమ్మ చెప్పింది. కోపం ఉంటే చెప్పకపోనేమో. అది ఎప్పుడూ సరిగ్గా రాలేదామెకు. శశిభూషణ్ ఇంటర్వ్యూ చేసి, పిల్ల బాగానే చెబుతోందని తీసుకున్నాడు. నిజంగానే బాగా చెప్పింది. పిల్లలు అక్కా అక్కా అని వెనకాల తిరిగేవాళ్లు.

జూన్ నెలాఖరున స్టోరు గదిలో లోవమ్మ సంతకం పెట్టి, పెన్ను ఉమాశ్రీకి అందించింది. ఆ అమ్మాయి గబగబా సంతకం పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పిన్నిగారూ, ఒక్క మాటండి. మీరు మా వీధి వైపు వచ్చినప్పుడు నా జీతం సంగతి ఎవరితోనూ అనకండేం."

"ఏమ్మా?"

"మా అత్తయ్యగారు వీధిలో అందరికీ సేవకి వెళ్తున్నానని చెప్పారండి. ఊరికే." ఆ అమ్మాయి సిగ్గుపడి నవ్వింది. "అందరూ ఎంతో మెచ్చుకుంటున్నారండి."

లోవమ్మ రిజిస్టరు మూసింది. ఈ ఏటి పుస్తకం, అందరి జీతాలతో సహా, అచ్చుకి వెళ్లేది వచ్చే వారమే. పేర్ల జాబితా టైపు చేసి శశిభూషణ్ బల్ల మీద పెట్టింది ఉమాశ్రీయే. తన పేరు అందులో ఎన్నోదో ఆ పిల్లకు తెలుసు. తెలిసీ అడుగుతోంది.

"నేను అననమ్మా," అంది లోవమ్మ, బియ్యం బస్తా మూతి తాడు బిగిస్తూ.